ఏరు పొంగితే మనసు ఏం నేర్చుకుంటుంది?

పలమనేరు వైపు వాన గురించి ఎవరిని అడిగినా ముందు కరువు గురించే చెబుతారు. ఎన్ని అడుగుల లోతుకు బోరు వేశారో, ఎన్ని బోర్లు ఎండిపోయాయో, ఏ ఏడాది మేత లేక పశువులను సంతకు తోలారో వరసగా వస్తుంది. వరద మాట వచ్చేది ఆ తరువాతే. కానీ 2015, 2020, 2021 సంవత్సరాల నవంబరు నెలలు చూశాక ఈ ప్రాంతానికి రెండు భయాలూ ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

ఇంట్లోకి నీళ్లొచ్చిన మనిషి వాతావరణం మారుతోందని నమ్ముతాడా? లేక బురద ఎండగానే మరిచిపోతాడా? వరద మనసులో ఏం మిగులుస్తుంది? ప్రశ్నలను ఒక్కొక్కటిగా తీసుకుందాం.

కరువు సీమకు వరద ఎక్కడిది?

చిత్తూరు నుంచి బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తు. ఇంత ఎత్తున ఉన్న ఊరికి వరదేమిటని అనిపిస్తుంది. జవాబు నేలలో ఉంది. పైన ఎర్రమట్టి, కొద్ది లోతు పోతే రాయి. ముసురు పట్టి మెల్లగా కురిసిన వానను ఈ నేల తాగుతుంది. రాత్రంతా కుండపోతగా కురిస్తే తాగలేదు. గుట్టల మీది నీళ్లు వంకల్లోకి, వంకల నుంచి చెరువుల్లోకి గంటల్లో దిగుతాయి.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చిన్నా పెద్దా కలిపి ఎనిమిది వేలకు పైగా చెరువులున్నాయి. చాలావరకు గొలుసుకట్టు చెరువులే. పైచెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్లు కిందిచెరువుకు చేరతాయి. ఇది కరువును తట్టుకోవడానికి పెద్దలు వేసిన ఎత్తు. అయితే పైకట్ట తెగితే ఆ భారమంతా కిందికట్ట మీద పడుతుంది. మొరవ కాలువ పూడిపోయినా, దాని మీద ఇళ్లు లేచినా నీళ్లు తమ దారి తామే వెతుక్కుంటాయి.

కౌండిన్య నది కూడా అంతే. ఈ ప్రాంతపు కొండల్లోనే పుట్టి, పలమనేరు పక్కగా పారి, ఏనుగుల అడవి గుండా తమిళనాడులోకి దిగి, గుడియాత్తం దాటాక పాలారులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక, రాళ్లు, కంపచెట్లు. ఎప్పుడూ ఎండి ఉండే ఏటిని జనం ఏరుగా చూడడం మానేస్తారు. ఒడ్డు నెమ్మదిగా లోపలికి జరుగుతుంది.

ఇక కాలం సంగతి. ఇక్కడి వానలో గణనీయమైన వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాలది. బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండం ఎటు తిరుగుతుందన్న దాని మీదే ఆ ఏడు కరువో, పంటో, వరదో తేలుతుంది.

2021 నవంబరులో ఏం జరిగింది?

నవంబరు 18న తిరుపతి వీధులు ఏరులయ్యాయి. తిరుమల కనుమ దారుల్లో కొండచరియలు పడ్డాయి. కపిలతీర్థం దగ్గర నీళ్లు ఉరికిన తీరును రాష్ట్రమంతా సెల్‌ఫోన్లలో చూసింది. 19 తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. అదే ఉదయం రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్టా తెగింది. దిగువనున్న పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్లు దెబ్బతిన్నాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

పలమనేరుకు దిగువనా అదే కథ. కౌండిన్య నీళ్లతో మోర్ధానా ఆనకట్ట పొర్లింది, గుడియాత్తంలో ఏటి ఒడ్డు ఇళ్లలోకి నీళ్లు చేరాయి. సరిహద్దు అవతల పేర్ణంబట్టులో వానకు నానిన గోడ కూలి తొమ్మిదిమంది చనిపోయారు. అందులో నలుగురు పిల్లలు. తిరుపతి పక్కన రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించారు.

చిత్తూరు జిల్లాలో కర్రలు నాటి తాళ్లు కట్టిన టమోటా తోటలు నీళ్లలో నిలిచిపోయాయి. ఆ నెలాఖరుకు చెన్నై, బెంగళూరుల్లో కిలో టమోటా వంద దాటింది. కొనేవాడికి ధర మండిపోయిన రోజుల్లోనే పండించినవాడికి అమ్ముకోవడానికి కాయ లేదు. ఆ కోపం కూడా వరద మిగిల్చిందే.

వరద తీశాక మనసులో ఏం మిగులుతుంది?

నీళ్లు ఒకటి రెండు రోజుల్లో తీస్తాయి. మనసుకు అంత తొందరగా తీయదు. మొదట దిగ్భ్రమ. తరువాత పనుల హడావుడి: బురద ఎత్తడం, బియ్యం ఆరబెట్టడం, కాగితాలు వెతకడం, నష్టం రాయించుకోవడానికి గ్రామ సచివాలయం చుట్టూ తిరగడం. ఈ రోజుల్లో మనిషి గట్టిగానే కనిపిస్తాడు. ఊరంతా ఒకటై అన్నం వండుకుంటుంది. అసలు దిగులు వచ్చేది ఆ తరువాతే. చుట్టాలు, విలేకరులు, అధికారులు వెళ్లిపోయాక. రాత్రి రేకుల మీద చినుకు చప్పుడైతే నిద్ర పట్టదు. పిల్లలు మబ్బు చూసి ఇల్లు కదలనంటారు. ఆడవాళ్లు ముఖ్యమైన కాగితాలన్నీ ఒక కవర్లో కట్టి అటక మీద పెట్టి, దాన్ని పదేపదే తడిమి చూసుకుంటారు.

దీనికి లెక్కలూ ఉన్నాయి. ఇంగ్లండులో 2013–14 చలికాలపు వరదల్లో ఇళ్లు మునిగినవాళ్లను ఏడాది తరువాత పరిశీలించారు. నూటికి 36 మందిలో పీడకలల్లా వెంటాడే గాయపు లక్షణాలు, 28 మందిలో ఆందోళన, 20 మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. వరద తాకనివాళ్లలో ఇవి ఎనిమిదికి మించలేదు. ముందు హెచ్చరిక లేకుండా ఇల్లు విడవాల్సి వచ్చినవాళ్లలో కుంగుబాటు ఇంకా ఎక్కువ. అక్కడ బీమా ఉంది, ఆస్పత్రి ఉంది, అయినా ఇంత. ఇవి లేని చోట ఎంతో ఊహించడం కష్టం కాదు. కాకపోతే మన దగ్గర దీన్ని జబ్బు అనరు, "దిగులు పట్టుకుంది" అని ఊరుకుంటారు.

మరి కరువు చూసిన ఊరిలో ఈ భయం వేరేలా ఉంటుందా?

ఉంటుంది. ఇంగ్లండు పల్లెలో ఏరు పొంగితే అది కీడే. పలమనేరు వైపు చెరువు మొరవ పోతే అది పండుగ. పసుపు కుంకుమలు చల్లి, టెంకాయ కొట్టి, గంగమ్మకు పొంగళ్లు పెడతారు. వేటపోతును కోసేవాళ్లూ ఉన్నారు. పదేళ్లకొకసారి నిండే చెరువును చూడడానికి పక్క ఊరి నుంచి పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని వస్తారు. బోర్లలో నీళ్లు పైకి వస్తాయి, రెండు కార్ల పంట ఖాయం. ఒకే వాన ఒక రైతుకు చెరువు నింపుతుంది, ఇంకో రైతు మల్బరీ తోటను కుళ్లబెడుతుంది. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకే మనిషి.

అందుకే ఇక్కడి గుండెలో వరద పట్ల ఉండేది ఒట్టి భయం కాదు. సంతోషం, భక్తి, నష్టం, అన్నీ కలగలిసి ఉంటాయి. వానను తిట్టడానికి నోరు రాదు. "ఎక్కువైంది" అంటారు గానీ "వద్దు" అనరు. ఈ కలగలుపే వాతావరణ మార్పు మీద అభిప్రాయాన్ని ఆలస్యం చేస్తుంది. వరాన్ని ప్రమాదంగా చూడడానికి మనసు ఒప్పుకోదు.

వరద చూసినవాళ్లు వాతావరణ మార్పును ఎక్కువగా నమ్ముతారా?

నమ్ముతారనే అనిపిస్తుంది. కళ్లారా చూసినది తొందరగా గుర్తొస్తుంది. తొందరగా గుర్తొచ్చేదాన్ని మనసు "మళ్లీ జరుగుతుంది" అని లెక్కేసుకుంటుంది. ఈ తీరును 1970లలో ట్వెర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వవేత్తలు వివరించారు. బ్రిటన్‌లో 1,822 మందిని అడిగి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి బలమిచ్చింది. వరద చూసినవాళ్లకు వాతావరణ మార్పు మీద ఆందోళన ఎక్కువ, సందేహం తక్కువ, తాము ఏదో ఒకటి చేయగలమన్న నమ్మకమూ ఎక్కువ అని అందులో తేలింది.

కానీ దానికి మూడేళ్ల ముందు, అదే దేశంలో, లొరైన్ విట్‌మార్ష్ అనే పరిశోధకురాలు చూసినప్పుడు వరద బాధితులకూ మిగతావాళ్లకూ ఈ విషయంలో పెద్ద తేడా కనబడలేదు. ఇల్లు మునిగినవాళ్లలో చాలామందికి వరద వేరు, వాతావరణ మార్పు వేరు. ఒకటి మన వీధి కాలువ సంగతి, ఇంకోటి ఎక్కడో మంచు కరగడం.

రెండు ఫలితాలకూ పొత్తు కుదిర్చినది తరువాత వచ్చిన పరిశోధన. 2013–14 బ్రిటన్ వరదల సమాచారాన్నే తీసుకుని చార్లెస్ ఓగున్‌బోడే, అతని సహ పరిశోధకులు 2019లో ఒక సంగతి చూపించారు: వరద అనుభవం ఒక్కటే మనిషిని మార్చదు. ఆ వరదకు వాతావరణ మార్పుతో సంబంధముందని అనుకున్నవాళ్లలోనే మార్పు బలంగా కనిపిస్తుంది. అనుభవం ప్రశ్న వేస్తుంది. జవాబు మాత్రం చుట్టుపక్కల దొరికే వివరణ నుంచి వస్తుంది. అసలు కీలకం ఇక్కడే ఉంది.

మన దేశంలో ఆ వివరణ ఎంతమందికి అందింది? 2021 అక్టోబరు నుంచి 2022 జనవరి దాకా, సరిగ్గా ఈ వరదల రోజుల్లోనే, యేల్ విశ్వవిద్యాలయం, సీవోటర్ కలిసి దేశవ్యాప్తంగా ఒక సర్వే చేశాయి. భూమి వేడెక్కడం గురించి తమకు కొంచెమే తెలుసనో, ఎప్పుడూ వినలేదనో చెప్పినవాళ్లు నూటికి 54 మంది. అదేమిటో నాలుగు మాటల్లో వివరించి అడిగితే జరుగుతోందని ఒప్పుకున్నవాళ్లు 84 మంది. ఒళ్లు గమనించింది, పేరు తెలియలేదు. అంతే తేడా.

వివరణ దొరకకపోతే మనం ఎవరిని తప్పుబడతాం?

దగ్గరగా ఉన్నవాళ్లను. అది సహజం, చాలాసార్లు న్యాయం కూడా. అన్నమయ్య ప్రాజెక్టు తెగాక రెండు వారాలకు అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో, ప్రాజెక్టుకున్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని చెప్పి తప్పు రాష్ట్రానిదన్నారు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఖండించింది. అంత వరద మునుపెన్నడూ రాలేదన్నది దాని వాదన. ఊళ్లు కోల్పోయిన జనానికి ఆ రెండో మాట తప్పించుకునే మాటగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాతావరణ మార్పు అనే మాట బాధితులకు ఎక్కువగా వినబడేది బాధ్యులు సంజాయిషీ ఇచ్చుకునేటప్పుడు. "మా చేతుల్లో ఏముంది, ప్రకృతి" అన్న చోట ఆ మాట వాడితే జనం దాన్ని నమ్మరు, నమ్మకూడదు కూడా. మొరవ కాలువను ఆక్రమించింది వాయుగుండం కాదు. తుప్పుపట్టిన గేటుకు గ్రీజు పెట్టకపోయింది బంగాళాఖాతం కాదు.

అయితే రెండూ నిజమయ్యే వీలుంది. పాత లెక్కలతో కట్టిన కట్ట మీదికి కొత్త లెక్కల వాన వస్తోంది. బాగోగులు చూడని కట్ట ముందు తెగుతుంది. ఆకాశాన్ని తప్పుబట్టి ఆఫీసును వదిలేయడం ఎంత పొరపాటో, ఆఫీసును తిట్టి ఆకాశాన్ని మరచిపోవడమూ అంతే పొరపాటు. వాతావరణం మారుతోందని ఒప్పుకుంటే అధికారుల బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. ముందే తెలిసిన ప్రమాదానికి సిద్ధం కాకపోవడం ఇంకా పెద్ద తప్పు కదా.

ఇంకో వివరణ దైవం. గంగమ్మకు కోపం వచ్చిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీన్ని చులకన చేయనక్కరలేదు. చెరువును అమ్మవారిగా చూసినన్నాళ్లు కట్ట మీద మట్టి తవ్వడానికి చెయ్యి వణికేది. ఆ భయభక్తుల వెనుక చెరువు పట్ల బాధ్యత ఉండేది. ఆ బాధ్యతను పట్టుకుని మాట్లాడితే ముసలివాళ్లకు కూడా కొత్త సంగతి ఎక్కుతుంది.

2021 వరద వాతావరణ మార్పు వల్లే వచ్చిందని చెప్పవచ్చా?

అలా ఒక్క వరదను వేలెత్తి చూపించడం సరికాదు. ఈ ప్రాంతానికి వరదలు కొత్త కావు. 1903 నవంబరులో పాలారు పొంగి వాణియంబాడిని ముంచింది. అప్పటికి గాలిలో ఇంత బొగ్గుపొగ లేదు.

చెప్పగలిగింది ఇంకోటి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 1951 నుంచి 2015 దాకా హిందూ మహాసముద్రపు ఉష్ణమండల ప్రాంతంలో ఉపరితల జలాలు సగటున ఒక డిగ్రీ వేడెక్కాయని భారత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక చెప్పింది. ఒకప్పుడు పదేళ్లకొకసారి వచ్చే భారీ వాన ఇప్పుడు నేల మీద సగటున 1.3 రెట్లు తరచుగా వస్తోందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం 2021లో లెక్కగట్టింది. సన్నని మంట మీద కూడా పాలు ఒక్కోసారి పొంగుతాయి. మంట పెంచితే తరచుగా పొంగుతాయి. ఫలానా పొంగు పెంచిన మంటదేనా అంటే చెప్పలేం. పొంగులు పెరగడం మాత్రం మంట వల్లనే.

ఆ మంటే నేలను తొందరగా ఆరబెడుతుంది కూడా. కాబట్టి కరువు, వరద రెండూ ముదరడం ఒకదానికొకటి విరుద్ధం కాదు. "నిరుడు వరదన్నారు, ఈ ఏడు చినుకు లేదు, ఏది నిజం?" అనే రైతుకు చెప్పాల్సిన జవాబు ఇదే.

అంత భయం చూసి కూడా ఎందుకు మరిచిపోతాం?

మూడు కారణాలున్నాయి. మొదటిది కాలం. అమెరికాలో వరద వచ్చిన చోట ఆ మరుసటి ఏడు వరద బీమా చేయించుకునేవాళ్లు ఒక్కసారి పెరుగుతారు. క్రమంగా తగ్గి సుమారు తొమ్మిదేళ్లకు మళ్లీ పాత స్థాయికి చేరతారని జస్టిన్ గాలఘర్ అనే ఆర్థికవేత్త 2014లో చూపించాడు. డబ్బులు కట్టే విషయంలోనే అంత మరపు ఉంటే, ఉత్త మాటల సంగతి చెప్పేదేముంది?

రెండోది, మనసులో దిగులుకున్న చోటు తక్కువ. వరద పోయాక అప్పు వస్తుంది, పిల్లల ఫీజులు వస్తాయి, తోటల్లో ఏనుగులు పడతాయి, మళ్లీ బోరు ఎండుతుంది. కొత్త దిగులు వచ్చి పాత దిగులును పక్కకు నెడుతుంది. కరువు చూసి పెరిగిన మనసు తొందరగా తన పాత భయానికే తిరిగిపోతుంది.

మూడోది, తప్పిపోయిన ప్రమాదం. రాయలచెరువు కట్టకు లీకు పడింది, ఇసుక బస్తాలు వేశారు, తెగలేదు. దాన్ని రెండు విధాలుగా చదువుకోవచ్చు. "ఇంత వాన వచ్చినా ఏమీ కాలేదు, ఇది రాయల కాలపు కట్ట" అనుకోవచ్చు. "కొంచెంలో తప్పింది" అనుకోవచ్చు. తుపానుల మీద జరిగిన పరిశోధనల్లో మొదటి విధంగా చదువుకున్నవాళ్లు తరువాతి హెచ్చరికను తేలిగ్గా తీసుకున్నారని, రెండో విధంగా చదువుకున్నవాళ్లు ముందే సర్దుకున్నారని తేలింది. జరిగింది ఒకటే అయినా చెప్పుకున్న తీరు వేరు.

అనుభవం వృథా పోకుండా ఏం చేయాలి?

వరద తీసిన మొదటి కొన్ని నెలలు విలువైనవి. మనసు ప్రశ్నలతో ఉంటుంది, మాట వింటుంది. అప్పుడే ఊళ్లో కూర్చుని రెండు ప్రశ్నలూ కలిపి అడగాలి. వాన ఎందుకు ఇంతగా కురిసింది? కురిసిన నీళ్లు మన ఇంట్లోకి ఎందుకు వచ్చాయి? మొదటిదానికి జవాబు బడిలోని సైన్సు మేష్టారు చెప్పగలరు. రెండోదానికి జవాబు చెరువు కింద సేద్యం చేసే ముసలి రైతుకు తెలుసు. ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టాలి.

నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బడి గోడ మీదో, సచివాలయం గోడ మీదో గీత గీసి తేదీ రాయాలి. వాణియంబాడివాళ్లు 1903 వరదకు గుర్తుగా ఒక స్తంభమే నిలిపారు. ఏటి ఒడ్డున ఇల్లు కట్టాలనుకునేవాడికి ఆ గీతను మించిన హెచ్చరిక లేదు.

వెనకటి రోజుల్లో చెరువు తూములు, మొరవలు చూసుకోవడానికి నీరుగంటి ఉండేవాడు. మరమ్మతుల ఖర్చుకు దశబంధం ఇనాం భూములుండేవి. ఆ ఏర్పాటు పోయింది, పని మాత్రం మిగిలింది. సెప్టెంబరు ముగిసేలోగా ప్రతి చెరువు కట్ట, తూము, మొరవ కాలువ చూసి, ఏది బాగోలేదో పంచాయతీలో రాతపూర్వకంగా పెట్టాలి. కౌండిన్యకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కనుక పైఊళ్లకూ గుడియాత్తానికీ మధ్య హెచ్చరికలు గంటల్లో కాదు, నిమిషాల్లో చేరాలి. హెచ్చరిక వల్ల ప్రాణాలే కాదు, మనసులూ నిలుస్తాయని పైన చెప్పిన ఇంగ్లండు లెక్కలే చెబుతున్నాయి.

వరద తరువాత నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే, వాన చప్పుడుకే గుండె దడ వస్తుంటే అది పిరికితనం కాదు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

వరద ఎవరికీ దానంతటది పాఠం చెప్పదు. భయాన్ని మాత్రం ఇచ్చి పోతుంది. ఆ భయాన్ని గొణుగుడుగా వదిలేస్తారా, వచ్చే వానాకాలానికి సిద్ధం కావడానికి వాడుకుంటారా అన్నది ఊరి చేతుల్లో ఉంది. ఈశాన్య రుతుపవనాలు ఏటా అక్టోబరులో వస్తాయి. ఈలోగా మీ ఊరి చెరువు మొరవ ఎటు పోతుందో, ఆ దారిలో ఇప్పుడు ఏమేం ఉన్నాయో ఒకసారి నడిచి చూసి రండి.